మైకుకు పెట్టిన డబ్బు సరే, దాన్ని నిలబెట్టే దిమ్మ మాటేమిటి?

సంపాదకులు గారికి,

నమస్కారములు. ఇంట్లో కూర్చునే గొంతు రికార్డు చేసుకునేవారికి పనికొచ్చే పరికరాల గురించి మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల ఒక వ్యాసం వచ్చింది. ఏ మైకు కొనాలి, మైకు రకాల్లో కండెన్సర్ మేలా డైనమిక్ మేలా, యూఎస్‌బీ తీగ చాలా లేక మైకును కంప్యూటరుకు కలిపే ఇంటర్‌ఫేస్ అనే పెట్టె కావాలా అన్న విషయాలకు అందులో అరపేజీకి పైగా చోటిచ్చారు. ఆ మైకును దేని మీద నిలబెట్టాలన్న సంగతి మాత్రం ‘ఒక మంచి టేబుల్ స్టాండు కూడా తీసుకోండి’ అన్న ఒక్క వాక్యంతో ముగిసింది. ఆ ‘మంచి’ అన్న మాటకు అర్థమేమిటో తెలుసుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఈలోగా ఒక మైకు జాలీ సొట్టపోయింది, పదహారు పాఠాలు మళ్ళీ మొదటినుంచి చదవవలసి వచ్చింది. వ్యాసం చదివి స్టాండు కొనబోయేవారికి ఆ ఏడాది కలిసివస్తుందేమోనన్న ఆశతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఒంగోలులో ఉంటున్న విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుణ్ణి. చూపులేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలూ వ్యాకరణమూ శతక పద్యాలూ చదివి, రికార్డు చేసి పంపుతుంటాను. మా ఇంటి వెనకగదే స్టూడియో, తెల్లవారుజామున నాలుగున్నర నుంచి పాలబండి వచ్చేదాకా ఉండే నిశ్శబ్దమే నాకున్న సౌండ్‌ప్రూఫింగ్. గొంతుకు, చదువుకు, ఓపికకు లోటు లేదనుకుని మొదలుపెట్టిన వాణ్ణి గనుక, ఇనుప కడ్డీ ఒకటి నన్ను ఇన్ని తిప్పలు పెడుతుందని అనుకోలేదు.

మొదట కొన్న స్టాండు ఖరీదు 350 రూపాయలు. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి తెప్పించాను. బొమ్మలో దాని మీద ఒక పెద్ద స్టూడియో మైకు ఠీవిగా నిలబడి ఉంది. ఇంటికి వచ్చినదేమో మూడు మడత కాళ్ళూ, జానెడు కడ్డీ, మెడ దగ్గర ఒక ప్లాస్టిక్ బిగింపు, అంతే. చేత్తో ఎత్తి చూస్తే మడత గొడుగంత బరువు కూడా లేదు. అయినా వారం రోజులు బాగానే నిలబడింది. ఎనిమిదో రోజున పుస్తకానికి చోటు చాలక, స్టాండును ఉన్నచోటనే కొద్దిగా పక్కకు తిప్పి, మైకును మళ్ళీ నోటివైపు వంచుకుని చదవడం మొదలుపెట్టాను. రెండో పద్యం తాత్పర్యం సగంలో ఉండగా మైకు నిద్రమత్తులో తూగేవాడిలా మెల్లగా తల వాల్చి, చూస్తూ ఉండగానే బల్ల మీద బోర్లా పడింది. ఆ చప్పుడున్న ఫైలును నేను తీసివేయలేదు. స్టాండు గురించి ఎవరు అడిగినా ముందు అదే వినిపిస్తాను.

వారం రోజులు నిలబడ్డ స్టాండు ఎనిమిదో రోజున ఎందుకు పడిందన్నది నన్ను చాలాకాలం వేధించింది. చివరికి మైకును, దాన్ని మోసే రబ్బరు తాళ్ళ షాక్ మౌంట్‌తో సహా, సంచీలో వేసుకుని మా వీధి కిరాణా దుకాణానికి వెళ్ళాను. కందిపప్పు తూస్తున్న షావుకారు నన్నొకసారి, మైకునొకసారి చూసి, కాటా మీద పళ్ళెం తీసి మైకు పెట్టాడు. 530 గ్రాములు. స్టాండు 280 గ్రాములు. అంటే మోసేదానికన్నా మోయించుకునేది దాదాపు రెట్టింపు బరువు. ఇంటికి వచ్చి స్కేలుతో కొలిస్తే కాలు ఒక్కొక్కటి కడ్డీనుంచి 14 సెంటీమీటర్ల దూరం చాచుకుని ఉంది. చూడటానికి అది చాలా పెద్ద ఆధారంలాగే ఉంటుంది. కానీ మూడు కాళ్ళ స్టాండు పడేటప్పుడు కాలి మీదుగా పడదు, రెండు పాదాలను కలుపుతూ బల్ల మీద ఒక గీత గీస్తే ఆ గీత మీదుగా ఒరుగుతుంది. కడ్డీ నుంచి ఆ గీత దూరం కాలి పొడవులో సగమే, అంటే 7 సెంటీమీటర్లే.

ఇక లెక్క కావడి మోసినవారందరికీ తెలిసినదే: బరువు ఎంత అన్నది ఒక్కటే చాలదు, అది ఎంత దూరంలో వేలాడుతోందన్నదీ చూడాలి. స్టాండు 280 గ్రాముల బరువుతో, గీతకు ఇవతల 7 సెంటీమీటర్ల దూరంలో ఉండి వెనక్కి లాగుతోంది, గుణిస్తే 1,960. మైకును నేను కడ్డీ నుంచి 12 సెంటీమీటర్లు ముందుకు వంచుకున్నాను గనుక అది గీత దాటి 5 సెంటీమీటర్ల అవతల ఉంది. 530ని 5తో గుణిస్తే 2,650. లాగుడు పోటీలో ఎవరు గెలుస్తారో చెప్పనక్కరలేదు. మైకు మెడ బిగింపు వదులుగా ఉన్నందున మొదట ఒక క్షణం ఆగి, ఆ తరువాత తూగింది. మొదటి వారం అది నిలబడిన కారణం కూడా ఇందులోనే ఉంది: అప్పుడు మైకు సరిగ్గా ఒక కాలి మీదుగా నావైపు వంగి ఉండేది. కాలి కొస 14 సెంటీమీటర్ల దూరాన, మైకు 12 సెంటీమీటర్ల దూరాన ఉన్నంతకాలం ఆ వైపు పడే ప్రశ్నే లేదు. కాబట్టి మూడు కాళ్ళ స్టాండు ఇప్పటికే కొన్నవారు దాన్ని పారవేయనక్కరలేదు, మైకు ఏ వైపు వంగుతుందో ఆ వైపుకు ఒక కాలు తిప్పి పెట్టుకుంటే చాలు. స్టాండు అమ్మేవాళ్ళు ఈ ఒక్క ముక్క డబ్బా మీద అచ్చువేస్తే ఎన్ని మైకులు బతికేవో.

గుండ్రటి దిమ్మ ఉన్న స్టాండ్లకు ఈ దిక్కుల బాధ లేదు, ఎటు వంచినా అంచు దూరం ఒక్కటే. అయితే దిమ్మ బరువు చూసుకోవాలి. పెద్ద పేరున్న తయారీదారులకు ఈ సంగతి తెలియక కాదు. బ్లూ యెటి అనే యూఎస్‌బీ మైకును చాలామంది చూసే ఉంటారు. అందులో మైకు 550 గ్రాములైతే, దానితోపాటు ఇచ్చే దిమ్మ దాదాపు ఒక కిలో. మైకుకన్నా రెండింతల బరువుండే ఆధారం, అదీ మైకు పక్కకు వేలాడకుండా నిట్టనిలువుగా నిలబడేటప్పుడు. రేడియో స్టూడియోల్లోనూ పాడ్‌కాస్టుల్లోనూ కనిపించే షూర్ ఎస్ఎమ్ 7బి ఒక్కటే 765 గ్రాములుంటుంది. అదే కంపెనీవారి ఎస్ఎమ్ 58, సభల్లో చేత్తో పట్టుకుని మాట్లాడేది, 298 గ్రాములే. రెండింటినీ ఒకే స్టాండు బొమ్మ పక్కన పెట్టి ‘అన్ని మైకులకూ సరిపోతుంది’ అని రాయడం, తువ్వాలును చూపించి అన్ని వయసులవారికీ చొక్కా అన్నట్టుంటుంది.

పడిపోవడం కంటికి కనబడే కష్టం. కంటికి కనబడనిది అదురు. బల్ల మీద మోచెయ్యి ఆనితే, పేజీ తిప్పుతూ వేలు తగిలితే, కుర్చీ జరిపితే, పక్కగదిలో మిక్సీ వేస్తే ఆ కదలిక బల్ల చెక్క గుండా దిమ్మకు, దిమ్మ నుంచి కడ్డీకి, కడ్డీ నుంచి మైకుకు పాకి, హెడ్‌ఫోన్‌లో ‘దబ్’మని వినిపిస్తుంది. గాలిలో వచ్చే చప్పుడైతే తలుపు వేసి ఆపవచ్చు, కాళ్ళకింద నుంచి పాకి వచ్చేదానికి తలుపులుండవు. ఇంటర్‌ఫేస్‌లో 80 హెర్ట్జ్‌ల, అంటే సెకనుకు 80 కంపనాల, దిగువనున్న లోతైన మోతను కోసివేసే మీట ఉంటుందనీ, అది నొక్కితే సరిపోతుందనీ కొందరు సలహా ఇచ్చారు. కొంత నిజమే. కానీ మగవారి గొంతు మూలస్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది, బల్ల మీద తగిలిన దెబ్బ చప్పుడు ఆ హద్దుకు కిందనే మర్యాదగా ఆగిపోదు. దాన్ని పూర్తిగా తుడవాలని ఇంకా పైకి కోసుకుంటూ పోతే నా గొంతే పోయి, టెలిఫోన్‌లో మాట్లాడుతున్నట్టు తయారైంది. పదహారు పాఠాలు మళ్ళీ చదివింది అందుకే.

ఈ అదురును ఆపడానికి స్టాండు కింద దళసరి స్పాంజి పెట్టి చూశాను. తేలికపాటి స్టాండు స్పాంజి మీద ఇంకా తూగింది. స్పాంజి తీసి, బరువైన ఇనుప దిమ్మను నేరుగా చెక్కమీద పెట్టి చూశాను. తూగడం పోయింది, వేలి తాకిడి మాత్రం తగ్గినా పోలేదు. రెండూ కలిపి, అంటే బరువైన దిమ్మ కింద నాలుగు మెత్తని రబ్బరు పాదాలు పెట్టినప్పుడు కుదిరింది. ఇందులో వింతేమీ లేదు. ఖాళీ బస్సులో వెనకసీటులో కూర్చుని గతుకుల రోడ్డు మీద ప్రయాణం చేసినవారికీ, అదే బస్సు నిండా జనం ఉన్నప్పుడు వెళ్ళినవారికీ తేడా తెలుసు. కమాన్లు అవే, రోడ్డు అదే, బరువు పెరిగేసరికి కుదుపు తగ్గుతుంది. మెత్తదనం ఒక్కటే ఉంటే ఊగుతుంది, బరువు ఒక్కటే ఉంటే అదురును కొంత పైకి పంపిస్తుంది. షాక్ మౌంట్ రబ్బరు తాళ్ళు చేసేదీ ఈ పనే కాబట్టి, కింద ఒకటి పైన ఒకటిగా రెండు అడ్డుకట్టలు ఉన్నట్టవుతుంది. ఇక్కడ నేను చేసిన మరో పొరపాటు చెప్పాలి: మైకు తీగను చక్కగా కనిపించాలని బిగుతుగా లాగి కడ్డీకి కట్టాను. తాళ్ళ ఊయలలో మైకును వేలాడదీసి, తీగతో దాన్ని మళ్ళీ కడ్డీకే కట్టివేసినట్టయింది. అదురంతా తీగ మీదుగా పైకి నడిచివచ్చింది. మైకుకూ కడ్డీకీ మధ్య తీగను కొంచెం వదులుగా, చెవికమ్మలా వంపు తిరిగేటట్టు వదిలి, ఆ దిగువన కడ్డీకి కట్టుకోవాలి. అప్పుడు ఎవరి కాలైనా తీగకు తగిలినా ఆ లాగుడు కడ్డీమీద పడుతుంది తప్ప మైకు తోకమీద పడదు.

స్టాండు ఎత్తు గురించి దుకాణాల్లో ఎవరూ మాట్లాడరు. మీ వ్యాసంలో అచ్చయిన ఫోటోలో ఉన్న స్టాండు జానెడుకు మించి లేదు. కూర్చున్న మనిషి నోరు బల్లకు పైన సుమారు 35 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. మైకు 10 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే చదివేవాడు దానికోసం వంగుతాడు. వంగితే పొట్ట నొక్కుకుపోయి ఊపిరి చాలదు, గంట చదివేసరికి మెడ పట్టేస్తుంది. ఇదొక్కటే కాదు. నోటినుంచి మైకు 20 సెంటీమీటర్లు ఎదురుగా, బల్లకు 10 సెంటీమీటర్ల పైన ఉందనుకుందాం. మాట నేరుగా మైకును చేరే దారి 32 సెంటీమీటర్లు. అదే మాట బల్ల మీద పడి, పైకి లేచి మైకును చేరే దారి సుమారు 49 సెంటీమీటర్లు. రెండింటికీ తేడా 17. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు గనుక, 1,000 హెర్ట్జ్‌ల దగ్గర ఒక అల పొడవు 34 సెంటీమీటర్లు, అందులో సగం ఈ 17. అంటే మన మాటకు స్పష్టతనిచ్చే చోటునే ఒక అల ఎక్కుతుంటే రెండోది దిగుతూ ఒకదాన్నొకటి కోసుకుంటాయి. వినేవారికి డబ్బాలోంచి మాట్లాడుతున్నట్టుండేది ఇందుకే, చాలామంది దీన్ని మైకు తప్పనుకుని ఇంకో మైకు కొంటారు. మైకు ముఖాన్ని నోటివైపుకు ఎత్తి పెడితే, ముందు నుంచి వచ్చే ధ్వనినే ఎక్కువగా తీసుకునే కార్డియాయిడ్ రకానికి వీపు బల్లవైపు తిరిగి కొంత మేలు జరుగుతుంది. కానీ పొట్టి స్టాండు కొన్నవారిలో ఎక్కువమంది మైకును నిటారుగానే వదిలేస్తారు. అదే మైకును నోటి ఎత్తుకు తెచ్చి 15 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకుంటే, బల్ల మీదుగా వచ్చే దారి 70 సెంటీమీటర్లు దాటుతుంది, తిరిగివచ్చే మాట బలహీనపడుతుంది. మిగిలిన ఆ కాస్తకూ బల్ల మీద మడిచి పరిచిన పాత బొంత చాలు.

నేను రెండోసారి స్టాండు కొనలేదు, చేయించుకున్నాను. ఒంగోలులో ఉండి గ్రానైటు కోసం వెతకనక్కరలేదు కదా. ఇరవై కిలోమీటర్ల చేరువలో చీమకుర్తి ఉంది. అక్కడి గెలాక్సీ రాయి, నల్లటి నేలమీద బంగారు పొడి చల్లినట్టుండేది, దేశాలు దాటి పోతుంది. వంటగట్లు పరిచాక మిగిలిన ముక్కలు మాత్రం ఊళ్ళోనే గోడల పక్కన పడి ఉంటాయి. అలాంటి ముక్కనొకదాన్ని అడుగు పొడవు, అడుగు వెడల్పుకు కోయించి, అంచులు నున్నగా పట్టించి, మధ్యలో రంధ్రం వేయించాను. రాయి మందం 18 మిల్లీమీటర్లు. మళ్ళీ అదే షావుకారు కాటా మీద తూస్తే ఐదు కిలోలకు కాస్త తక్కువ వచ్చింది. పై లెక్కనే దీనికి కట్టి చూడండి: కడ్డీ నుంచి అంచు 15 సెంటీమీటర్లు, 765 గ్రాముల పెద్ద మైకును ఏకంగా 30 సెంటీమీటర్లు బయటకు వేలాడదీసినా, రాయి వెనక్కి లాగే బలం దానికి ఆరింతలుంటుంది.

తరువాత లేత్ పని చేసే కుర్రవాడి దగ్గరికి వెళ్ళాను. మైకు క్లిప్పు లోపలి మరచుట్లు చూపించి, దీనికి సరిపోయే కడ్డీ కావాలన్నాను. అతను 5/8 అంగుళం బోల్టు తెచ్చి తిప్పబోయాడు. అర చుట్టు తిరిగి బిగుసుకుపోయింది. గేజి పెట్టి చూసి, ‘ఇదెక్కడి థ్రెడ్డు మాస్టారూ, అంగుళానికి 27 చుట్లున్నాయి! మన 5/8 బోల్టుకు 11 చుట్లేగా’ అన్నాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. అమెరికా పద్ధతిలో తయారయ్యే మైకు స్టాండ్లకు 5/8 అంగుళం వ్యాసంలో అంగుళానికి 27 చుట్లుంటాయి. అంత సన్నటి చుట్టున్న బోల్టు మామూలు హార్డ్‌వేర్ దుకాణంలో దొరకదు. ఐరోపా పద్ధతిలో 3/8 అంగుళం, 16 చుట్లు. కెమెరా స్టాండ్లకు పావు అంగుళం, 20 చుట్లు. ఈ మూడూ మన బజారులో కలగాపులగంగా అమ్ముడవుతున్నాయి, ఏ డబ్బా మీదా ఏది ఏదో రాయరు. దీనికి మార్గం చాలా క్లిప్పుల్లోపలే ఉంటుంది: 5/8 రంధ్రంలో ఇమిడి, తన లోపల 3/8 మరచుట్లున్న చిన్న ఉంగరం. నాణెం అంచుతో తిప్పితే ఊడివస్తుంది, మళ్ళీ బిగుస్తుంది. అది ఉంటే 3/8 అంగుళం కడ్డీ, అంగుళానికి 16 చుట్లది, చాలు. అది ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతుంది. ప్లాస్టిక్ ఉంగరం కన్నా ఇత్తడిది తీసుకోండి. ప్లాస్టిక్‌ది రెండు నెలల్లో చుట్లు అరిగి, మైకు దానంతటది తిరగడం మొదలుపెడుతుంది.

మరచుట్ల కడ్డీని రాతి రంధ్రంలోంచి కిందినుంచి పైకి తీసి, కింద నట్టు బయటకు పొడుచుకురాకుండా రంధ్రం అడుగున గుంట చెక్కించాము. పైన ఆ కడ్డీ చుట్టూ అరంగుళం జీఐ పైపు ముక్క తొడిగి, పై కొసన వాషరు వేసి నట్టు బిగించాము. పైపు నొక్కుడు భారాన్ని, కడ్డీ లాగుడు భారాన్ని పంచుకుని రెండూ ఒక్క స్తంభమైపోయాయి. పైన మిగిలిన అంగుళం కడ్డీకి మైకు క్లిప్పు ఎక్కింది. ఒక లోపం బయటపడింది: వేలితో కొడితే పైపు గుడిగంటలా మోగింది. లేత్ కుర్రవాడే నట్టు విప్పి, పైపు నిండా పొడి ఇసుక పోసి మళ్ళీ బిగించాడు. ఇప్పుడు కొడితే చెక్కమీద కొట్టినట్టు ‘టక్’మని ఆగిపోతుంది. రాయి, కడ్డీ, పైపు, కూలి అన్నీ కలిపినా నేను మొదట కొన్న స్టాండుకు, సొట్టపోయిన జాలీ మార్పించడానికి అయినంత కాలేదు.

అందరూ రాయి మోసుకు తిరగలేరని నాకు తెలుసు. అద్దె ఇళ్ళలో ఉండేవారు, కంప్యూటరు తెరచూస్తూ చదివేవారు బల్ల అంచుకు బిగించే స్ప్రింగు చెయ్యి కొంటున్నారు. బల్ల మీద చోటు కలిసిరావడం దాని గొప్పతనం. దానికి కూడా బరువు లెక్క రెండువైపులా ఉంటుందన్నదే కొనేవారు మరచిపోయేది. ఉదాహరణకు, రోడ్ కంపెనీవారి పేరుపొందిన పీఎస్ఏ 1 అనే చెయ్యి 700 గ్రాముల నుంచి 1.1 కిలోల బరువు మైకులకోసం తయారైనది. దానికి 300 గ్రాముల మైకు తగిలిస్తే స్ప్రింగు ఊరుకోదు, మైకును పైకి ఎత్తుకుపోతుంది. భారం ఎక్కువైతే కిందికి వాలడం అందరూ ఊహిస్తారు, తక్కువైనా ఇబ్బందేనని ఊహించరు. పైగా బిగింపు బల్లనే పట్టుకుని ఉంటుంది గనుక, బల్ల అదురంతా దానికి సొంతమే. అద్దం బల్లకు, మడతపెట్టే రేకు బల్లకు, అంచు ఉబ్బిన పార్టికల్ బోర్డుకు దాన్ని బిగించకపోవడమే మంచిది. బల్ల అసలే బలహీనమైనదైతే, నా అభిప్రాయంలో, బల్ల స్టాండు ఆలోచన మానుకుని పక్కన నేలమీద నిలబడే పొడవు స్టాండు కొనుక్కోవడం ఉత్తమం. స్టాండుకూ బల్లకూ నేరుగా సంబంధం ఉండదు, బల్ల మీద మోచెయ్యి ఆనించినా మైకుకు దాదాపు తెలియదు. మెడలా వంగే గూస్‌నెక్ కడ్డీల గురించి మాత్రం నేనేమీ మంచి చెప్పలేను. సభా వేదికమీద ఉండే వేలెడు మైకుకు అవి సరే, అరకిలో మైకును పెడితే ఉదయం ఎత్తిన తల సాయంత్రానికి వాలిపోతుంది.

అడ్డంగా చెయ్యి చాచే స్టాండు ఏది వాడినా ఒక చిన్న మెళకువ ఉంది. కీలు దగ్గర మరను ఏ వైపు తిప్పితే బిగుసుకుంటుందో చూసి, మైకు బరువు కీలును అదే వైపుకు తిప్పేటట్టు చేతిని అమర్చుకోవాలి. అప్పుడు మైకు తన బరువుతో తానే కీలును బిగించుకుంటుంది. రెండో వైపున అమర్చితే అదే బరువు రోజూ కొంచెం కొంచెం విప్పుతుంది. మనం రోజూ కొంచెం కొంచెం ఎక్కువ బలంతో బిగిస్తాము. ఒకనాడు మెత్తటి పోతలోహం మరచుట్లు అరిగి స్టాండు పాత సామాను కొట్టుకు పోతుంది.

ఇక నా ఫిర్యాదు. ప్యాకేజీ సరుకుల మీద ఏయే వివరాలుండాలో తూనికలు కొలతల చట్టం కింద 2011లో వచ్చిన నియమాలు చెబుతాయి: తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, సరుకు పేరు, పరిమాణం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు ఎవరిని అడగాలో ఆ వివరం. 2018 జనవరి నుంచి ఆన్‌లైన్ అమ్మకందారులు కూడా వీటిలో చాలావరకు తెరమీద చూపించాలి. నేను కొన్న స్టాండు డబ్బా మీద ఇవన్నీ ఉన్నాయి. పరిమాణం దగ్గర ‘1 వస్తువు’ అని రాసి ఉంది. నియమం ప్రకారం అది తప్పు కాదు, లెక్కపెట్టి అమ్మే వస్తువు కదా. కానీ బియ్యం సంచీని ‘1 సంచీ’ అని అమ్మితే మనం ఊరుకోము. స్టాండు అనేది నిలబడటానికే పుట్టిన వస్తువు, అది నిలబడేది బరువు వల్లనే. ఆ బరువే రాయకపోతే కొనేవాడు దేన్ని చూసి కొనాలి? తయారీదారులనూ దిగుమతిదారులనూ నేను కోరేది ఎక్కువేమీ కాదు. స్టాండు సొంత బరువు, పాదాల విస్తీర్ణం, మరచుట్టు కొలత, ఇవి మూడూ డబ్బా మీద రాయాలి. చెయ్యి చాచేదైతే, పూర్తిగా చాచినప్పుడు ఎంత బరువు మోస్తుందో అది కూడా రాయాలి. ‘గరిష్ఠంగా 2 కిలోలు’ అని కొన్నిటి మీద చూశాను. నిట్టనిలువుగా ఉన్నప్పుడా, చాచినప్పుడా అన్నది చెప్పనంతవరకు ఆ మాటకు విలువ లేదు.

మీ పత్రికకు కూడా ఒక మనవి. ఇకపై మైకుల గురించి రాసేటప్పుడు ధర, రంగు, తీగ పొడవుతోపాటు మైకు బరువును, దాని క్లిప్పు మరచుట్టు కొలతను కూడా ఒక పంక్తిలో ఇవ్వండి. మీ సమీక్షకులు స్టాండును బల్ల మీద పెట్టి, మైకు తగిలించి, నాలుగు దిక్కులకూ ఒకసారి వంచి, రికార్డింగు నడుస్తుండగా పక్కన పుస్తకం ఒకటి మూసి చూస్తే చాలు. ఆ స్టాండు మంచిదో కాదో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. అంగడిలో కొనేవారు కూడా మైకును వెంట తీసుకువెళ్ళి ఈ పరీక్ష అక్కడే చేయవచ్చు. నన్ను చూసి నవ్విన షావుకారే ఇప్పుడు వాళ్ళ అమ్మాయి ఆన్‌లైన్ సంగీత పాఠాల మైకును సంచీలో తెచ్చి, దీనికి ఎంత రాయి కావాలి మాస్టారూ అని అడిగాడు. 345 గ్రాములుంది, పాత వంటగట్టు ముక్క అరడుగుది సరిపోతుందని, రబ్బరు పాదాలు మాత్రం మరవవద్దని చెప్పాను.

ఇట్లు
భవదీయుడు
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు
ఒంగోలు